అరువు గోత్రం

కథ ఎక్కడ ఆగిందో గుర్తు చేసుకుందాం. మరిపెడ బడిలో సోషల్ చెప్పి రిటైరైన జ్ఞానప్రకాశం సారు కూతురు దివ్య, హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర బోధిస్తుంది. వరంగల్ చౌరస్తాలో హోల్‌సేల్ కిరాణా నడిపే వీరభద్రం కొడుకు శశాంక్‌ను రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకుంది. ఆనాటి నుంచి సుబేదారిలోని అత్తవారింటి తలుపు ఆమెకు తెరుచుకోలేదు. ఇప్పుడామెకు ఐదో నెల. పోయిన వారం అత్తగారు శారద తనంత తానే ఫోన్ చేసి, "ఆదివారం రా బిడ్డా, సీమంతం సంగతి మాట్లాడుకుందాం" అని పిలిచింది. ఆ ఒక్క "బిడ్డా"కే దివ్య కరిగిపోయింది. శశాంక్ చెయ్యి పట్టుకుని మొదటిసారి ఆ గడప దాటింది.

చెప్పులు విడిచి తలెత్తేసరికి హాల్లో కనిపించినవి సీమంతం మాటలకు కావలసినవి కావు. నేల మీద రెండు పీటలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. మధ్యలో కలశం, పసుపు, దర్భలు. గోడ వారగా బంధువుల కోసం కుర్చీలు. ఒక పంతులు చాప మీద కూర్చుని సెల్‌ఫోన్‌లో ముహూర్తం చూసుకుంటున్నాడు.

"అత్తమ్మా, ఇయ్యాల పూజ ఏమన్న ఉన్నదా?"

శారద తల వంచుకునే ఉంది. ఆమె చేతిలో మడత విప్పని పట్టుచీర. "మీ మామయ్య చెప్తడు" అంది. "ముందు ఈ చీర కట్టుకో. సారయ్య సేటు తెచ్చిండు నీకు."

"ఏ సారయ్య సేటు? మా మరిపెడాయనా? ఎరువుల దుకాణం సేటా?"

శారద చీరను దివ్య చేతుల్లో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. వెళుతూ ఒక్కసారి ఆగి వెనక్కి చూసింది. ఆ చూపులో దివ్యకు జాలి కనిపించింది. సీమంతానికి పిలిచిన కోడలి మీద జాలి ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

వీరభద్రం దేవుడి గది పక్కనున్న చిన్న గదిలో చెక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కోపం మనిషి కాదు, బేరం మనిషి. గొంతు పెంచకుండానే ఎదుటివాడి నోటితో తనకు కావలసిన ధర చెప్పించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. వైశ్య సంఘానికి సెక్రటరీ. కొడుకు పెళ్లి తర్వాత ఆ సంఘంలోనే ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోవడం మొదలైంది. హైదరాబాద్‌లో చదువుతున్న కూతురు హారికకు కుదరబోయిన ఖమ్మం సంబంధం కూడా మాటామంతీ లేకుండా జారిపోయింది.

"కూసో అమ్మా" అన్నాడు. శశాంక్ గది గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సుత్తి లేకుంట చెప్త. ఇయ్యాల దినం మంచిగున్నది. సారయ్యకు ఆడిపిల్లల్లేరు. ఆలుమొగలు నిన్ను దత్తత తీసుకుంటరు. వాళ్ల గోత్రం నీకొస్తది. ఆ గోత్రం మీద ఏడో నెలల సీమంతం చేద్దాం. సంఘం పెద్దమనుషులు వస్తాండ్లు, కండ్లతోని చూసి పోతరు. గంతే. ఆ మీదట నిన్ను ఎవడూ ఒక్క మాట అనడు. పుట్టే పిల్లగాన్ని అసలే అనడు."

దివ్యకు నవ్వు వచ్చింది. అది నవ్వు కాదని గొంతు దాకా వచ్చాక తెలిసింది. "పెండ్లయి, సర్టిఫికెట్ ఉన్నదాన్ని, పాఠాలు చెప్పుకుంట బతుకుతున్నదాన్ని దత్తత ఎవలు తీసుకుంటరు మామయ్యా? చట్టంల చెల్లదు."

"చట్టం కోసం ఎవలు చేస్తాండ్లమ్మా? చట్టం కాడ మీరిద్దరు ఎప్పుడో ఒక్కటైండ్లు. ఇది కులం కోసం."

ఆమె గుమ్మం వైపు తిరిగింది. "శశాంక్, నీకు తెలుసా?"

"జర శాంతంగ విను దివ్యా. ఒక్క గంట పని. ఫార్మాలిటీ అనుకో."

"తెలుసా, తెల్వదా?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. జవాబు అదే. కారులో వస్తూ దారి పొడుగునా పిల్లకు ఏం పేరు పెడదామా అని మాట్లాడిన మనిషి. కలశం ఎక్కడ పెడతారో కూడా తెలిసే మాట్లాడాడన్నమాట.

దివ్య చీరను పక్కనున్న స్టూలు మీద పెట్టింది. చెప్పేది వినే మనుషులు ఉన్నప్పుడు ఆమె గొంతు వణకదు. కాలేజీలో వచ్చిన అలవాటు.

"మామయ్యా, నేను క్లాసుల ఏం చెప్తనో మీకు తెల్వదు. ఒకసారి వినుండ్రి. కులం గుట్టల లెక్క, వాగుల లెక్క ఎప్పటి నుంచో ఉన్నది కాదు. మొదట్ల పనులకు పేర్లుండె. రాజ్యాలు పెరిగినంక, భూములు దానాలిచ్చుడు మొదలైనంక, ఎవడు దున్నాలె, ఎవడు కూసోని తినాలె అని గీతలు గీసిండ్లు. చేతిల ఉన్న పనిని నెత్తుట్లకు ఎక్కించిండ్లు. మరి ఆ గీత ఎట్ల నిలబడాలె? ఆడిపిల్ల గీత దాటి పోవద్దు. గందుకే ఏ కులానికైనా కాపలాదారు పెండ్లి కాడనే నిలబడ్తడు. మన నెత్తురు పరీక్ష చేసినోళ్లు కూడ అదే అంటాండ్లు. రెండువేల ఏండ్ల కిందటి దాకా ఈ దేశంల అందరు అందరితోని కలిసినోళ్లే. తర్వాతనే తలుపులు మూసుకున్నరు."

ఆమె ఇంకాస్త ముందుకు వంగింది.

"గంత దూరం ఎందుకు? ఇక్కడి కోటనే చూడుండ్రి. ఓరుగల్లు ఏలిన కాకతీయులు చాన శాసనాలల్ల, మేము నాలుగో వర్ణమోళ్లం అని ధీమాగ చెప్పుకున్నరు. ఇంకొన్నిట్ల అదే వంశానికి పండితులు సూర్యున్ని తెచ్చి తగిలించిండ్లు. ఆ కాలంల తండ్రి పేరు చివర ఒక బిరుదు, కొడుకు పేరు చివర ఇంకో బిరుదు ఉంటుండె. పుట్టుకతోని అన్నీ ఖరారైపోతే అట్లెట్ల ఉంటది? అడిగినోనికి వంశం రాసిచ్చుడు అప్పటి నుంచే ఉన్నది. ఇయ్యాల మీరు నాకు చేస్తాన్నది గదే."

"అయిపోయిందా?" అన్నాడు వీరభద్రం. వెటకారం లేదు. "మంచిగ చెప్తవ్. నీ తాన చదివే పిల్లలు అదృష్టవంతులు." తర్వాత కొడుకు వైపు చూశాడు. "నువ్వు పోయి ఆ పని చూడు. ఆయన బస్సు దిగే యాళ్లయింది. తలుపు దగ్గరికేసి పో."

శశాంక్ వెళ్లాడు. ఆ "ఆయన" ఎవరో అడగాలని దివ్యకు తోచలేదు.

"ఇవన్ని నాకు తెల్వదనుకున్నవా?" వీరభద్రం గొంతు తగ్గించాడు. "నువ్వు పుస్తకాలల్ల చదివినవ్. నేను ఇంట్ల విన్న. మా తాత పేరు యాకయ్య. గాండ్ల యాకయ్య. ఏటూరునాగారం తొవ్వల ఒక ఊరు, పేరెందుకులే. గానుగ తిప్పేటోళ్లు. కరువుల ఎద్దు సచ్చిపోతే, మా తాత ఎద్దు జాగల తనే కాడి పట్టి కొన్నాళ్లు తిరిగిండట. చేతగాక నడుసుకుంట వరంగల్ వచ్చి ఒక షావుకారి కొట్టుల చేరిండు. లెక్కల కాడ చురుకు. ఆ షావుకారికి పిల్లల్లేరు. దత్తత తీసుకుండు. పంతులు గోత్రమిచ్చిండు. షావుకారి పలుకుబడికి సంఘం నోరు మూసుకున్నది. గట్ల మేము వైశ్యులమైనం."

ముందుకు వంగిన దివ్య మెల్లగా వెనక్కి ఆనుకుంది.

"ఒకనాడు మా తాత కన్నతండ్రి వచ్చిండు, కొడుకును చూసి పోదామని. దుకాణం మెట్ల కింద నిలబడ్డడు. నూనె మరకల ధోతి. చుట్టూ గిరాకీ. ‘ఎవలీ ముసలోడు?’ అని ఎవలో అడిగితే, మా తాత గల్లా మీది నుంచి లేవకుంట, ‘మా దిక్కు గానుగాయిన, నూనె అమ్మ వచ్చిండు’ అన్నడు. ముసలోడు అవునన్నట్టు తల ఊపిండు. కుండ దించి, ఆ ఉన్న నూనె నిజంగనే అమ్మి పోయిండు. మళ్ల రాలే. సచ్చిపోతే కబురు కూడ రాలే."

ఆయన కళ్లజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నాడు.

"మా తాత సచ్చేముందు మా నాయినకు చెప్పిండు. మా నాయిన నాకు చెప్పిండు. నేను శశాంక్‌కు చెప్పలే, చెప్పను. నా కాడ ఆగిపోతే వాని కొడుకు పుట్టుకతోనే వైశ్యుడు. కులం గిట్లనే పుడతదమ్మా. నీ శాసనాలల్ల ఉన్నదో లేదో, నా ఇంట్ల ఉన్నది."

తెలియనివాడికి పాఠం చెప్పవచ్చు. మూర్ఖుడితో పోట్లాడవచ్చు. అంతా తెలిసి, ఆ తెలిసినదాన్నే తాళంగా చేసి తలుపుకు వేసుకున్న మనిషి ముందు కూర్చుని దివ్య చేతులు ముడుచుకుంది. ఇన్నేళ్లు తను పిల్లలకు చెబుతున్నదేమిటి? నిజం తెలిస్తే మనుషులు మారతారని. ఈయనకు తను చెప్పే నిజం తనకంటే బాగా తెలుసు. ఆ నిజాన్ని ఒక ముసలివాడి నూనె మరకలతో సహా కడుపులో పెట్టుకుని, ఏడాది పాటు కోడలికి గడప దాటే అర్హత లేదన్నాడు.

"మీకే తెలిసినప్పుడు, నన్ను ఇన్ని రోజులు బయటెందుకు నిలబెట్టిండ్లు?"

"తెలిసే నిలబెట్టిన. ఎక్కినోనికే తెలుస్తది నిచ్చెన ఎంత సన్నగుంటదో. మా తాత ఎక్కింది రెండు మెట్లు. నువ్వు అట్టడుగు నుంచి రావాలె. నీ చెయ్యి పట్టుకుంటే నేను జారుత, హారిక జారుతది. గందుకే ఏడాది ఆలోచించిన. ఇదొక్కటే తొవ్వ దొరికింది. నేను నీకు ఎవ్వలియ్యంది ఇస్తాన్న, మంచిగ ఆలోచించు."

ఆయన అన్న మాటలో అబద్ధం లేదు. నిజంగానే తను ఒక వరం ఇస్తున్నాననే అనుకుంటున్నాడు. దివ్యకు చేదుగా తగిలింది అదే.

"మా బాపు బతికున్నడు మామయ్యా. కన్నతండ్రి ఉన్నదాన్ని ఇంకొకలకు ఎవలిస్తరు?"

"ఆయననే ఇస్తాండు" అన్నాడు వీరభద్రం. "నేను మరిపెడ పోయి మాట్లాడొచ్చిన. శశాంక్ ఇప్పుడు పోయింది ఆయనను తీసుకరావటానికే."

*

జ్ఞానప్రకాశం సారు వరండా చివరి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఈస్టర్‌కు కుట్టించుకున్న తెల్ల చొక్కా. ఇస్త్రీ మడతలు ఇంకా విడలేదు. సారయ్య సేటు భార్య కాగితం గ్లాసులో నీళ్లు తెచ్చింది. లోపల కూర్చున్న వాళ్ల చేతుల్లో స్టీలు గ్లాసులున్నాయి.

"వద్దమ్మా, నా కాడ ఉన్నయ్" అంటూ ఆయన చేతిసంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి చూపించాడు.

దివ్య అది చూసింది. తండ్రి ఎన్నడూ నీళ్లసీసా వెంట తీసుకెళ్లే మనిషి కాదు. ఎక్కడ దాహమైతే అక్కడ అడిగి తాగుతాడు, ఇవ్వకపోతే ఎందుకివ్వవో చెప్పమని పట్టుబడతాడు. అలాంటి మనిషి ఈ ఇంటికి ఏ గ్లాసులో ఇవ్వాలన్న ఇబ్బంది ఎవరికీ కలగకుండా తన నీళ్లు తానే తెచ్చుకున్నాడు.

"బాపూ." ఆమె ఆయన ముందు నేల మీద కూర్చుంది. "లెవ్వు. ఇంటికి పోదాం."

"గట్ల కింద కూసోకు బిడ్డా, కడుపుతో ఉన్నవ్."

"అమ్మకు తెలుసా?"

"దవాఖానకు పోతాన్న అని చెప్పొచ్చిన." ఆయన ఎటో చూశాడు. "ఎస్తేరుకు తెలిస్తే రానియ్యదు."

"నువ్వెందుకు ఒప్పుకున్నవ్? ఊళ్లె నాకు మొదటి పాఠం చెప్పింది నువ్వు. కులానికి కూడ ఒక పుట్టిన తేదీ ఉంటది, పుట్టిందేదైనా సస్తది అని నాతోని అనిపించినవ్ గదా. మర్చిపోయినవా?"

"మర్చిపోలే." ఆయన నవ్వాడు. పాఠం చెప్పేటప్పటి నవ్వు కాదు. "బడిల ముప్పై ఏండ్లు అదే చెప్పిన. పిల్లలు రాసుకున్నరు. పరీక్షల రాస్తే మార్కులేసిన. బెల్లు కొట్టినంక ఎవని వాడకు వాడు పోయిండు. నేను నా వాడకు పోయిన. మా అయ్య బాప్తిస్మం తీసుకున్నడు. పాదిరి నాకు ఈ పెద్ద పేరు పెట్టిండు. సర్టిఫికెట్ల కులం గడి మారింది, కిరస్తానోళ్లని బీసీల రాసిండ్లు. ఇన్ని మారినయ్, ఊళ్లె నా పేరు మారలే. ఇయ్యాల్టికీ మాదిగ ప్రకాశం సారే. నా ముంగటనే అంటరు, ప్రేమతోనే అంటరు."

లోపల పంతులు ఎవరినో తమలపాకులు అడుగుతున్నాడు.

"ఆ సారయ్య సేటు వాళ్ల నాయిన దుకాణానికి నన్ను మా అయ్య ఉప్పుకు పంపేటోడు. మెట్టు ఎక్కనియ్యకపోదురు. నేను కింద తువ్వాల పరిస్తే మీది నుంచి పోసేటోళ్లు. సగం మన్నుల పడేది. ఆ ఇంటాయన ఇయ్యాల నా బిడ్డకు తండ్రి అయితాండు." ఆయన సీసాను ఒళ్లో పెట్టుకున్నాడు. "మనుషులు చేసిందే అంటిమి గదా బిడ్డా. మరి మనం గూడ చేసుకుందాం. నా మనవన్ని నీ కులమేందని ఎవలు అడుగొద్దు. నేనొక్కన్ని ఎవల తండ్రిని కాకపోతే ఏమైతది?"

"అంటే రేపు పిల్ల పుట్టినంక ఎట్ల వస్తవ్? సారు వచ్చిండు, తెలిసినాయిన అని చెప్పాల్నా నేను?"

ఆయన సీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు. ఆ జవాబు కూడా ముందే ఒప్పుకుని వచ్చాడని ఆమెకు అర్థమైంది.

సారయ్య సేటు గుమ్మం దాకా వచ్చి ఇబ్బందిగా నిలబడ్డాడు. తెల్లజుట్టు, మెత్తటి ముఖం. "సార్, లోపటికి రాండ్రి, యాళ్లయితాంది" అన్నాడు. తర్వాత దివ్యతో, "నీకు ఏ లోటు రానియ్య బిడ్డా. మా ఆమె పొద్దటి నుంచి ఒక్క తీరుగ మురుస్తాంది" అన్నాడు. ఆ మురిపెంలో కల్తీ లేదు. ఈ ఇంట్లో ఎవరినీ తనివితీరా ద్వేషించడానికి కూడా వీలు లేకుండా ఉంది.

జ్ఞానప్రకాశం లేచాడు. కూతురు చెయ్యి పట్టి లేపాడు. చిన్నప్పుడు స్కూలుకు తీసుకెళ్లినట్టే తీసుకెళ్లి పీట మీద కూర్చోబెట్టాడు. తండ్రి వేళ్లు అంత గట్టిగా పట్టుకోవడం చూసి, విడిపించుకోలేక ఆమె కూర్చుంది. పట్టుచీర స్టూలు మీదే ఉండిపోయింది.

*

సారయ్య సేటు, ఆయన భార్య ఎదుటి పీట దగ్గర, జ్ఞానప్రకాశం కూతురి పక్కన కూర్చున్నారు. సంఘం పెద్దలు కుర్చీల్లో సర్దుకున్నారు. అందరిలో పెద్దవాడైన ప్రెసిడెంటు పద్మనాభం చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. శశాంక్ భార్య వెనకాల నిలబడ్డాడు. ఆమె తల తిప్పలేదు.

"దాత పేరు?" అడిగాడు పంతులు.

"జ్ఞానప్రకాశం."

"బాగుంది. సంకల్పంలో చక్కగా ఇమిడిపోతుంది." పాదిరి పెట్టిన పేరు పంతులుకు పనికొచ్చింది. "గోత్రం?"

జ్ఞానప్రకాశం ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు. ఎవరో దగ్గారు.

"లేదు పంతులూ, ముంగటికి పోనియ్యి" అన్నాడు వీరభద్రం గబగబా.

"తెలియనివాళ్లందరికీ చెప్పే గోత్రం ఒకటి ఉందండీ. అదే చెబుదాం." పంతులు గోత్రం చెప్పేశాడు. అరనిమిషం పట్టలేదు. తరాల తరబడి జ్ఞానప్రకాశం తాతముత్తాతలను మెట్టు కింద నిలబెట్టిన వస్తువు ఇంత తేలికగా దొరుకుతుందని ఆ గదిలో ఎవరికీ వింతగా అనిపించలేదు.

ఉద్ధరిణితో నీళ్లు తీసి జ్ఞానప్రకాశం అరచేతిలో పోశాడు పంతులు. "అమ్మాయిని చూస్తూ, ఈమెను మీకు ఇచ్చాను, ఇక నాది కాదు అని చెప్పి నీళ్లు వదలండి."

"ఈమెను..." అన్నాడు జ్ఞానప్రకాశం. ముప్పై ఏళ్లు తరగతి గది దద్దరిల్లేలా పాఠం చెప్పిన గొంతు. "ఈమెను మీకు..."

దివ్య ఆయన చేతిని తన రెండు చేతులతో మూసింది. నీళ్లు ఆమె ఒళ్లో పడ్డాయి.

"ఆగుండ్రి" అంది. లేచి నిలబడింది. "నా పేరు దివ్య. మాది మరిపెడ. ఈయన మా బాపు. మా తాత తోళ్లు నానబెట్టి ఊనిండు, చెప్పులు కుట్టిండు. మేము మాదిగోళ్లం. దీంట్ల నేను సిగ్గుపడి ఇంకొకలకు ఇడిసిపెట్టేది ఏం లేదు. సారయ్య సేటుగారూ, మీరు మంచోళ్లు. మీకు బిడ్డ కావాలంటే మా బాపు బిడ్డగనే వస్త, పిలిచినప్పుడల్ల వస్త. మా బాపును ఇడిసిపెట్టి మాత్రం రాను."

"కూసో బిడ్డా" జ్ఞానప్రకాశం ఆమె చెయ్యి పట్టి లాగాడు. "నీ కాళ్లు మొక్కుత, కూసో. అంతా పాడు చెయ్యకు." కన్నకూతురి కాళ్ల వైపు ఆయన నిజంగానే వంగాడు. దివ్య ఆయన భుజాలు పట్టి ఆపింది. ఆ పట్టుకోవడంలోనే ఆమెకు ఏడుపొచ్చింది.

పద్మనాభం కర్ర నేల మీద కొట్టాడు. "ఏందయ్యా వీరభద్రం? పెద్దమనుషులను పిలిచి ఇజ్జత్ తీస్తాన్నవా? అందుకే అన్న, ఎక్కడి నెత్తురు అక్కడనే ఉండాలె. మన కులంల ఏ తరంల గిట్లాంటి కల్తీ జరగలే."

వీరభద్రం ముఖంలో రక్తం లేదు. దివ్య వైపు చూశాడు. బేరం తెలిసిన మనిషి కాబట్టి ఆమె చేతిలో ఇప్పుడేముందో ఆయనకు తెలుసు.

ఆమెకూ తెలుసు. ఒక్క మాట చాలు. గాండ్ల యాకయ్య. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఏడాది అవమానం, తండ్రి చేతిలోని నీళ్లసీసా, మన్నులో పడిన ఉప్పు, అన్నీ ఆ మాట వెనక నిలబడి ముందుకు తోశాయి. అయితే ఆ మాటను ఇక్కడ ఇప్పుడు రాయిలా విసిరితే, గానుగ తిప్పిన మనిషి పేరు ఒక తిట్టు అవుతుంది. తన తండ్రి పేరు ముందు ఊరు చేర్చిన మాటలాగే. యాకయ్యను కన్న ఆ ముసలివాడు ఆనాడు మెట్ల కింద నిలబడి తల ఊపాడు. ఈనాడు ఈ కుర్చీల ముందు తను ఆయన్ను మళ్లీ నిలబెట్టాలా?

దివ్య ఆ మాటను మింగింది. మింగడం కష్టమైంది.

"మామయ్యా, మీరు నాకు చెప్పింది నేను ఎవలకు చెప్పను. తిట్టు లెక్క వాడుకోను. గని మీ కొడుకు తండ్రి కాబోతాండు. అతనికి మీరే చెప్పుండ్రి."

"ఏం చెప్పాలె?" శశాంక్ ముందుకొచ్చాడు. "నాన్నా, ఏం సంగతి?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ముఖం ఎందుకట్లయింది?" పద్మనాభం కుర్చీలో ముందుకు జరిగాడు. "ఏందో చెప్పు వీరభద్రం. సంఘానికి తెల్వని ముచ్చట నీ కోడలికి తెలుసా?"

వీరభద్రం నోరు తెరిచాడు. ఆయన జీవితంలో మొదటిసారి ధర పలకలేదు. జ్ఞానప్రకాశం తన తడి చెయ్యిని కొత్త చొక్కాకు తుడుచుకున్నాడు.

వంటింటి గుమ్మంలో పళ్లెం కింద పెట్టిన చప్పుడైంది.

"ఆయన చెప్పడు" అంది శారద.

"శారదా, లోపటికి పో!" వీరభద్రం అరిచాడు. ఆ ఇంట్లో ఆయన గొంతు అంత పైకి లేవడం ఎవరూ ఎరుగరు.

శారద లోపలికి పోలేదు. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ హాలు మధ్యకు వచ్చింది. పీటల మధ్యనున్న కలశాన్ని చీర తగలకుండా దాటి, జ్ఞానప్రకాశం పక్కన నిలబడింది. సంఘం పెద్దల ఎదుట ఆమె తల ఎత్తి నిలబడడం అదే మొదలు. శశాంక్ "అమ్మా" అన్నాడు. ఆమెకు వినిపించినట్టు లేదు.

"ఆయన తాత ముచ్చట ఆయననే చెప్పుకోని. నేను చెప్పేది నా ముచ్చట" అంది. పద్మనాభం ముఖంలోకి సూటిగా చూసింది. "ఈ ఇంట్ల పీట మీద కూసోని కన్నతండ్రిని మార్చుకున్న కోడలు, ఈ పిల్ల ఒప్పుకుంటే రెండోది అయితుండె. మొదటిదాన్ని నేను, నేను గూడ ఈ కులంల పుట్టలే. ఆనాడు నీళ్లు ధార పోసి నన్ను ఇచ్చిన మా నాయిన ఇంకా బతికే ఉన్నడు పద్మనాభం మామా. ఎక్కడున్నడో నీకు తెలుసు. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"